సర్వీస్‌గా పెడితే కాటా స్లిప్పులు కాపీ కావట్లేదు, "యూజర్ నేమ్ తప్పు" అంటోంది (కోడ్‌లో నేను యూజర్ నేమే ఇవ్వలేదు!)

ఆదోని పత్తి | ఆదోని | సోమవారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఆదోని దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులో కంప్యూటర్ల పని చూస్తుంటా. ప్రింటర్‌లో పేపర్ ఇరుక్కున్నా నన్నే పిలుస్తారు, యూపీఎస్ కూతపెట్టినా నన్నే పిలుస్తారు. సీ షార్ప్ కొంచెం వచ్చు, యూట్యూబ్ చూసి నేర్చుకున్నదే.

గేటు దగ్గర కాటా రూములో ఒక సిస్టం ఉంది, విండోస్ 10 ప్రో. ఆఫీసులో అకౌంటెంట్ సార్ సిస్టం విండోస్ 11 ప్రో. రెండూ ఒకే స్విచ్‌కి కలిపి ఉన్నాయి, డొమైన్ (అందరి లాగిన్లూ ఒకే సర్వర్ చూసుకునే పద్ధతి) లాంటివేం లేవు, వర్క్‌గ్రూపే, అంటే ఏ సిస్టం లాగిన్లు దానివే. పత్తి బండి కాటా ఎక్కితే స్లిప్పు పీడీఎఫ్ ఒకటి, బండి ఫొటో ఒకటి ఒక ఫోల్డర్‌లో పడతాయి. ఇన్నాళ్లూ సాయంత్రం పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఆఫీసుకి నడిచేవాణ్ని. ఇప్పుడు సీజన్, బండ్లు రోడ్డు దాకా నిలబడుతున్నాయి, పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరిగే ఓపిక లేదు. అందుకని 15 నిమిషాలకోసారి కొత్త ఫైళ్లు ఆఫీస్ సిస్టంలోని షేర్ ఫోల్డర్‌కి కాపీ చేసే ప్రోగ్రాం రాసినా. ఫైల్.కాపీ, అంతే, గొప్పదేం కాదు.

విజువల్ స్టూడియోలో రన్ చేస్తే పోతాయి. ఈఎక్స్‌ఈ డబుల్ క్లిక్ చేసినా పోతాయి. అదే ప్రోగ్రాంని విండోస్ సర్వీస్‌గా (ఎవరూ తెరవకుండా వెనకాల తనంతట తనే నడిచేలా) పెడితే ఒక్కటీ పోదు. ముందు జెడ్ డ్రైవ్ అని మ్యాప్ చేసి ఆ పాత్ ఇచ్చినా, "పాత్ దొరకలేదు" అంది. సరే అని \\ఆఫీస్‌పీసీ\స్లిప్పులు అని పూర్తి పాత్ ఇచ్చినా, ఇప్పుడు "యూజర్ నేమ్ ఆర్ పాస్‌వర్డ్ ఈజ్ ఇన్‌కరెక్ట్" అంటోంది. నేను కోడ్‌లో ఎక్కడా యూజర్ నేమ్ ఇవ్వలేదు కదా, ఇవ్వని పేరు తప్పెట్లా అవుతుంది?

షేర్‌లో ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చినా. సెక్యూరిటీ ట్యాబ్‌లో కూడా ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్. ఫైర్‌వాల్ కూడా ఆపి చూసినా. రెండు రోజులుగా ఇదే టెన్షన్, ఓనరు "పెన్‌డ్రైవే నయం కదరా" అంటున్నాడు.

---

బళ్లారి చౌరస్తా | కర్నూలు | సోమవారం రాత్రి 10:05

తమ్ముడూ, కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్, అందులో అడ్వాన్స్‌డ్ షేరింగ్, కింద "పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్" ఆఫ్ చెయ్యి. అయిపోయింది. పదిహేనేళ్లుగా షాపులకి ఇట్లనే చేసి ఇస్తున్నా, ఒక్కరూ తిరిగి రాలేదు.

---

ఉగ్గాని బజ్జీ | కర్నూలు | సోమవారం రాత్రి 10:11

తిరిగి రాలేదంటే పని అయిందనా, నీ మీద ఆశ వదులుకున్నారనా అన్నా 😄

---

టవర్‌క్లాక్ అనంత | అనంతపురం | సోమవారం రాత్రి 10:38

చౌరస్తా అన్నా, ఏమనుకోకండి, ఆ సలహా ఇప్పుడు పనికి రాదు. అది ఆఫ్ చేస్తే తెలియని పేరుతో వచ్చినవాళ్లని గెస్ట్‌గా లోపలికి వదులుతుంది. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 వెర్షన్ నుంచి ఎస్‌ఎంబీ సైనింగ్ (షేర్ ఫోల్డర్‌తో జరిగే ప్రతి మాటకీ సంతకం) తప్పనిసరి చేశారు, గెస్ట్‌గా వస్తే సైనింగ్ కుదరదు, కాబట్టి గేటు దగ్గరే ఆగిపోతుంది. పాత వెర్షన్‌లో పని చేసినా, మిల్లు వైఫైకి ఫోన్ కలిపిన ప్రతివాడూ ఆ స్లిప్పులు మార్చగలిగితే ఎవరికి మంచిది? అవి తూకం స్లిప్పులు, డబ్బుతో సమానం.

ఆదోని తమ్ముడూ, రెండు ప్రశ్నలు. సర్వీసెస్ విండోలో నీ సర్వీస్ మీద రైట్ క్లిక్ చేసి "లాగ్ ఆన్" ట్యాబ్‌లో ఏముంది? డబుల్ క్లిక్ చేసినప్పుడు పని చేస్తోందన్నావు కదా, ఆ షేర్‌ని మొదటిసారి తెరిచినప్పుడు పేరు, పాస్‌వర్డ్ కొట్టి "రిమెంబర్" టిక్ పెట్టావా?

ఫైర్‌వాల్ మాత్రం ఇప్పుడే ఆన్ చెయ్యి. ఎర్రర్‌లో యూజర్ నేమ్ అన్న మాట వచ్చిందంటే అవతలి సిస్టం నీతో మాట్లాడింది అని అర్థం, ఫైర్‌వాల్‌కీ దీనికీ సంబంధం లేదు.

---

ఆదోని పత్తి | ఆదోని | సోమవారం రాత్రి 10:51

అక్కా, లాగ్ ఆన్ ట్యాబ్‌లో "లోకల్ సిస్టం అకౌంట్" అని ఉంది. నేను మార్చలేదు, మొదటి నుంచీ అదే. అదే అన్నిటికంటే పెద్ద అకౌంట్ అని చదివినా, అడ్మిన్ కంటే ఎక్కువ అంట కదా.

రిమెంబర్ టిక్ అవును, ఎప్పుడో పెట్టినా. ఓనరు పేరూ పాస్‌వర్డూ కొట్టినా అప్పుడు.

---

తుంగభద్ర గట్టు | కర్నూలు (ఉండేది బెంగళూరు) | సోమవారం రాత్రి 11:20

దొరికింది. నిద్రపోయే ముందు ఒకటి రాసి పడుకుంటా, కొంచెం పొడుగు, ఓపిగ్గా చదువు.

లోకల్ సిస్టం పెద్ద అకౌంటే, కానీ ఎక్కడ? కాటా రూము సిస్టంలో. ఊళ్లో సర్పంచ్ పక్క ఊరికి పోతే అక్కడ మామూలు మనిషే కదా, ఇదీ అంతే. ఆ అకౌంట్ వైరు దాటి బయటికి పోయేటప్పుడు నీ పేరుతో పోదు, ఆ కంప్యూటర్ పేరుతో పోతుంది, చివర డాలర్ గుర్తు తగిలించుకుని, కాటాపీసీ$ అని. డొమైన్ ఉంటే ఆ పేరుని డొమైన్ కంట్రోలర్ గుర్తుపడుతుంది, షేర్‌లో ఆ పేరుకే పర్మిషన్ ఇచ్చుకోవచ్చు. వర్క్‌గ్రూప్‌లో మాత్రం ఒక సిస్టం గురించి ఇంకో సిస్టంకి ఏమీ తెలియదు. ఆఫీస్ సిస్టం తన లిస్టు తీసి చూసుకుంటుంది, కాటాపీసీ$ అనే యూజర్ లేడు, అందుకే యూజర్ నేమ్ తప్పు అంది. నువ్వు పేరు ఇవ్వకపోయినా విండోస్ ఒక పేరు ఇచ్చింది, అది నీకు కనపడలేదు.

డబుల్ క్లిక్ చేసినప్పుడు ఎందుకు పోయాయంటే, అప్పుడు ప్రోగ్రాం నీ లాగిన్ కింద నడుస్తోంది, నీ క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచిన ఓనరు పాస్‌వర్డ్ వాడుకుంది. ఆ దాచిపెట్టడం యూజర్ యూజర్‌కీ వేరు, సర్వీస్‌కి నీ జేబులో ఉన్నది తెలియదు. జెడ్ డ్రైవ్ కూడా అదే కథ, మ్యాప్ చేసిన డ్రైవ్ ఆ లాగిన్ సెషన్‌కి మాత్రమే. నువ్వే "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" అని కమాండ్ ప్రాంప్ట్ తెరిచినా మామూలుగా ఆ జెడ్ కనపడదు, కావాలంటే చూడు.

ఇక ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్ ఎందుకు పనికిరాలేదు? ఇందులో రెండు అడ్డంకులున్నాయి. మొదటిది నువ్వెవరు అని అడిగే గేటు, రెండోది నీకేం చేసే హక్కుంది అని చూసే గది. నువ్వు రెండు రోజులుగా గది తలుపులన్నీ బార్లా తీస్తూ కూర్చున్నావు, గేటు దాటలేదు. ఎర్రర్ నంబర్ 1326 అంటే గేటు, 5 అంటే గది. ఎక్సెప్షన్ వచ్చినప్పుడు మెసేజ్ ఒక్కటే కాకుండా హెచ్‌రిజల్ట్ కూడా లాగ్‌లో రాయించు, చివరి 16 బిట్లలో ఆ నంబర్ ఉంటుంది.

---

బళ్లారి చౌరస్తా | కర్నూలు | మంగళవారం ఉదయం 7:15

ఇది బాగా చెప్పినావు గట్టు. నేను ఇన్నేళ్లూ గేటే పీకేస్తూ వచ్చినా అన్నమాట. సరే, 24హెచ్2 సంగతి నాకు తెలియదు, పోయిన నెల రెండు షాపుల్లో ప్రింటర్ స్కాన్ ఫోల్డర్ పని చేయకపోతే కేబుల్ మార్చి వచ్చినా, డబ్బులు కూడా తీసుకున్నా 🙈

---

ఆదోని పత్తి | ఆదోని | మంగళవారం ఉదయం 8:30

గట్టు అన్నా, అర్థమైంది. అయితే సర్వీస్ తీసేసి టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టినా, నా యూజర్ పేరుతోనే. "యూజర్ లాగిన్ అయినా కాకపోయినా రన్ చెయ్యి" అన్నది పెట్టినా. మళ్లీ పోవట్లేదు!! ఇప్పుడు నా పేరే కదా?

---

టవర్‌క్లాక్ అనంత | అనంతపురం | మంగళవారం ఉదయం 8:44

దాని కిందే "డు నాట్ స్టోర్ పాస్‌వర్డ్" అని చిన్న టిక్ ఉంటుంది, అది పెట్టావేమో చూడు. పక్కన రాసి ఉంటుంది కూడా, ఈ టాస్క్‌కి లోకల్ కంప్యూటర్‌లోని వాటికి మాత్రమే యాక్సెస్ అని. ఎవరూ చదవరు, నేనూ చదవలేదు, మా దగ్గర బ్యాకప్ టాస్క్ ఒకటి వారం పాటు ఖాళీగా తిరిగింది దాని వల్ల. పేరు నీదే, కానీ చేతిలో పాస్‌వర్డ్ లేదు, అవతలి సిస్టం అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు.

---

ఆదోని పత్తి | ఆదోని | మంగళవారం ఉదయం 8:52

టిక్ పెట్టినా అక్కా 🤦 పాస్‌వర్డ్ అడగకుండా అయిపోతుంది కదా అని.

సరే టిక్ తీసేస్తా. కానీ నా యూజర్ పాస్‌వర్డ్ నేను ఎప్పుడైనా మారిస్తే మళ్లీ ఆగిపోతుంది కదా. ఇంకో ఆలోచన వచ్చింది, నెట్‌లో వెతికితే డబ్ల్యూనెట్ యాడ్ కనెక్షన్ 2 అనే ఫంక్షన్ దొరికింది, కోడ్ నుంచే ఓనరు పేరూ పాస్‌వర్డూ ఇచ్చి కనెక్ట్ కావచ్చంట. అది పెట్టి చూసినా, ఒకసారి 86 అని, ఇంకోసారి 1219 అని వస్తోంది.

---

తుంగభద్ర గట్టు | కర్నూలు (ఉండేది బెంగళూరు) | మంగళవారం మధ్యాహ్నం 1:10

86 అంటే పాస్‌వర్డ్ తప్పు. 1219 అంటే, ఒకే లాగిన్ సెషన్ నుంచి ఒకే సర్వర్‌కి రెండు వేర్వేరు పేర్లతో పోకూడదు అని. ఎక్స్‌ప్లోరర్‌లో ఆ షేర్ ఇప్పటికే తెరిచి ఉంటే కోడ్ నుంచి ఇంకో పేరుతో పోతే ఇదే వస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ యూజ్ కొట్టి ఏమేం కనెక్షన్లున్నాయో చూసి, డిలీట్ చేసి మళ్లీ ప్రయత్నించాలి.

అది పక్కన పెట్టు. ఓనరు పాస్‌వర్డ్ కోడ్‌లో రాశావా? నిజంగానా? డాట్‌నెట్ ఈఎక్స్‌ఈని ఐఎల్‌స్పై లాంటి, ఈఎక్స్‌ఈని విప్పి చూపించే దాంట్లో తెరిస్తే స్ట్రింగులన్నీ కోడ్‌తో సహా పుస్తకంలా కనపడతాయి. కాటా రూములో ఎవరెవరు కూర్చుంటారో నీకే తెలుసు.

అసలు ఓనరు పాస్‌వర్డ్ అంటున్నావే, అది పాస్‌వర్డేనా? ఆఫీస్ సిస్టంలో నాలుగంకెలు కొట్టి లోపలికి పోతారా?

---

ఆదోని పత్తి | ఆదోని | మంగళవారం మధ్యాహ్నం 1:22

అవునన్నా నాలుగంకెలే. అదే పాస్‌వర్డ్ కదా?

---

తుంగభద్ర గట్టు | కర్నూలు (ఉండేది బెంగళూరు) | మంగళవారం మధ్యాహ్నం 1:31

అది పిన్. పిన్ ఆ సిస్టం ముందు కూర్చున్నవాడికి మాత్రమే, వైరు మీద నుంచి వచ్చేవాడికి చెల్లదు. 86 అందుకే. ఆ సిస్టంలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే దాని అసలు పాస్‌వర్డ్ కావాలి, అది ఓనరుకి గుర్తుండదు, నేను పందెం కాస్తా. నువ్వు మొదట్లో రిమెంబర్ పెట్టినప్పుడు ఎవరో అసలుది కొట్టి ఉంటారు.

కాబట్టి ఓనరు జోలికి పోకు. ఇట్ల చెయ్యి. రెండు సిస్టంలలోనూ "కాటా" అని ఒక కొత్త లోకల్ యూజర్‌ని చెయ్యి, పేరూ పాస్‌వర్డూ రెండు చోట్లా అచ్చం ఒకటే ఉండాలి, పెద్దక్షరం చిన్నక్షరంతో సహా. ఖాళీ పాస్‌వర్డ్ పెట్టొద్దు, పాస్‌వర్డ్ లేని అకౌంట్‌ని నెట్‌వర్క్ మీద నుంచి రానివ్వదు. అడ్మిన్ గ్రూపులో కూడా వేయొద్దు. కాటా రూములో సర్వీస్‌ని ఆ యూజర్ కింద నడుపు, లాగ్ ఆన్ ట్యాబ్‌లో "దిస్ అకౌంట్" అని ఇచ్చి. డొమైన్ లేని చోట రెండు వైపులా పేరూ పాస్‌వర్డూ కలిస్తే ఆఫీస్ సిస్టం తన సొంత మనిషే అనుకుని గేటు తీస్తుంది. కోడ్‌లో పాస్‌వర్డ్ ఉండదు, విండోసే దాచుకుంటుంది.

యూజర్ చేసేటప్పుడు "పాస్‌వర్డ్ నెవర్ ఎక్స్‌పైర్స్" టిక్ పెట్టు, రెండు చోట్లా. లేకపోతే లోకల్ పాలసీలో మామూలుగా ఉండేది 42 రోజులు, సీజన్ మధ్యలో ఒక రోజు ఆగిపోతుంది, అప్పటికి మనం ఏం చేశామో ఇద్దరం మర్చిపోయి ఉంటాం.

---

పెన్నా నీళ్లు | తాడిపత్రి | మంగళవారం సాయంత్రం 5:48

మధ్యలో దూరుతున్నా, క్షమించండి. కోడ్‌లోనే లాగాన్ యూజర్ అనే ఫంక్షన్ పెట్టి ఇంపర్సనేట్ చేస్తే, అంటే ఇంకో యూజర్ వేషంలో నడిపితే, సరిపోదా? కాలేజీ ప్రాజెక్ట్‌లో మా సీనియర్ అట్ల చేశాడు. నేను చేస్తే మాత్రం ఒక వింత, తప్పు పాస్‌వర్డ్ ఇచ్చినా ఫంక్షన్ సక్సెస్ అంటోంది, కాపీ దగ్గర ఫెయిల్ అవుతోంది.

---

తుంగభద్ర గట్టు | కర్నూలు (ఉండేది బెంగళూరు) | మంగళవారం రాత్రి 9:02

మంచి ప్రశ్న. లాగాన్ యూజర్‌లో టైప్ 2, అంటే ఇంటరాక్టివ్, ఇస్తే ఆ యూజర్ ఈ సిస్టంలోనే ఉండాలి. అవతలి సిస్టంలో మాత్రమే ఉన్న పేరు ఇస్తే 1326 ఇక్కడే వచ్చేస్తుంది. నువ్వు వాడింది టైప్ 9, న్యూ క్రెడెన్షియల్స్. అది ఈ సిస్టంలో నిన్ను నీలాగే ఉంచి, బయటికి పోయేటప్పుడు మాత్రం ఈ కొత్త పేరు చూపించు అంటుంది. పేరు సరైనదో కాదో అప్పుడే చూడదు, చూసేది అవతలివాడు, అందుకే తప్పు పాస్‌వర్డ్‌కీ సక్సెస్. ఇంకో తమాషా, అప్పుడు కరెంట్ యూజర్ పేరు ప్రింట్ చేస్తే పాత పేరే వస్తుంది, చాలామంది ఇంపర్సనేషన్ పని చేయలేదనుకుని గంటలు పోగొట్టుకుంటారు. నేనూ పోగొట్టుకున్నా, ఒక శనివారం మొత్తం.

ఎడిట్: ఆ పద్ధతిలోనూ పాస్‌వర్డ్ ఎక్కడో ఒకచోట దాచాలి. ఈ మిల్లుకి అక్కర్లేదు.

---

ఆదోని పత్తి | ఆదోని | బుధవారం మధ్యాహ్నం 12:15

గట్టు అన్నా, గేటు దాటినా!! ఎర్రర్ మారింది, ఇప్పుడు "యాక్సెస్ టు ద పాత్ ఈజ్ డినైడ్", నంబర్ 5. ఎర్రర్ మారితే ఇంత సంతోషం వేయడం ఇదే మొదటిసారి.

టవర్‌క్లాక్ అక్క చెప్పినట్టు వైఫైలో వచ్చినవాళ్లు ముట్టుకోకూడదని ఎవ్రీవన్ తీసేసి, సెక్యూరిటీ ట్యాబ్‌లో కాటా యూజర్‌కి మాడిఫై ఇచ్చినా. అయినా డినైడ్.

---

టవర్‌క్లాక్ అనంత | అనంతపురం | బుధవారం మధ్యాహ్నం 12:40

మెసేజ్‌లో పాత్ ఏది రాసి ఉంది? దాన్ని ఎవరూ చూడరు, అక్కడే సమాధానం ఉంటుంది. కాటా సిస్టంలోని పాత్ ఉంటే ఎత్తుకోవడం దగ్గరే ఆగింది, ఆఫీస్ పాత్ ఉంటే దించడం దగ్గర.

---

ఆదోని పత్తి | ఆదోని | బుధవారం మధ్యాహ్నం 12:47

కాటా సిస్టందే అక్కా! ఆపరేటర్ డెస్క్‌టాప్ మీద ఉన్న ఫోల్డర్. ఆఫీస్ వైపు కాదు, నేను పొద్దున్నుంచీ ఆఫీస్ వైపే కుస్తీ పడుతున్నా.

---

టవర్‌క్లాక్ అనంత | అనంతపురం | బుధవారం మధ్యాహ్నం 1:05

డెస్క్‌టాప్ అంటే ఆ ఆపరేటర్ సొంత ప్రొఫైల్‌లో ఉంటుంది, ఇంకో మామూలు యూజర్‌కి చూసే హక్కు ఉండదు. డబుల్ క్లిక్ చేసినప్పుడు ఆపరేటర్ లాగిన్‌లోనే చేసి ఉంటావు కాబట్టి తెలియలేదు. స్లిప్పుల ఫోల్డర్‌ని సీ డ్రైవ్‌లో నేరుగా పెట్టుకుని తూకం సాఫ్ట్‌వేర్‌లో సేవ్ పాత్ మార్చు, కాటా యూజర్‌కి రీడ్ ఇవ్వు. కొత్త ఫోల్డర్‌ని అక్కడే కొత్తగా చెయ్యి, పాతది కట్ చేసి పేస్ట్ చేయొద్దు. ఒకే డ్రైవ్‌లో జరిపితే పాత పర్మిషన్లు వెంట వస్తాయి, కాపీ చేస్తే కొత్త చోటి పర్మిషన్లు తీసుకుంటుంది. ఈ తేడా తెలియక మా ఆఫీసులో ఒకరికి కనపడే ఫైలు పక్కనున్నవాళ్లకి తెరుచుకునేది కాదు, ఫైలుకి దిష్టి తగిలిందన్నారు ఒకరు.

ఇది సరి చేశాక ఇంకో డినైడ్ వస్తుంది చూడు, ఆఫీస్ పాత్‌తో. ఎవ్రీవన్‌ని షేరింగ్ ట్యాబ్ నుంచి కూడా తీసేసి ఉంటావు, అక్కడ కాటాని చేర్చలేదు కదా. షేర్ పర్మిషన్, ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్ (సెక్యూరిటీ ట్యాబ్‌లోది) రెండిట్లో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. షేర్‌లో "చేంజ్" ఇవ్వు, చాలు, ఫుల్ అక్కర్లేదు.

---

ఆదోని పత్తి | ఆదోని | బుధవారం సాయంత్రం 4:20

అక్కా మీకు జాతకం కూడా వచ్చా? సరిగ్గా అదే వచ్చింది, అక్కడ చేంజ్ ఇచ్చినా, కాపీ అవుతున్నాయి! సర్వీస్‌గానే! 63 ఫైళ్లు పోయాయి. అకౌంటెంట్ సార్ సిస్టం ముందు కూర్చుని ఒక్కొక్కటీ పడటం చూస్తున్నాడు, సినిమా చూసినట్టు.

---

ఉగ్గాని బజ్జీ | కర్నూలు | బుధవారం సాయంత్రం 4:33

ఓనరు ట్రీట్ ఇస్తే కర్నూలు వచ్చెయ్, ఉగ్గాని బజ్జీ నా లెక్క.

---

ఆదోని పత్తి | ఆదోని | గురువారం ఉదయం 11:08

ట్రీట్ క్యాన్సిల్. కొన్ని మాత్రం పోవట్లేదు. మళ్లీ నంబర్ 5, డినైడ్, ఆఫీస్ పాత్‌తోనే. పర్మిషన్ ఉంది, మిగతావి పోతున్నాయి, ఇవే పోవట్లేదు. ఏవి అని చూస్తే, లోడ్‌తో వచ్చిన బండి మొదటి తూకం స్లిప్పు పోతోంది. పత్తి దింపి ఖాళీ బండి మళ్లీ కాటా ఎక్కితే అదే స్లిప్పులో రెండో తూకం, నికర బరువు ఎక్కుతాయి, ఫైలు పేరు అదే. ఆ మారిన స్లిప్పు మాత్రం పోదు. ఆఫీస్‌లో అన్ని బండ్లకీ పత్తి, బండి కలిపిన బరువే కనపడుతోంది, అకౌంటెంట్ సార్‌కి గుండె ఆగినంత పనైంది.

కాపీలో ఓవర్‌రైట్ ట్రూ ఇచ్చినా.

---

బళ్లారి చౌరస్తా | కర్నూలు | గురువారం ఉదయం 11:30

సార్ ఆ పీడీఎఫ్ తెరిచి పెట్టుకున్నాడేమో, అదే లాక్ అయి ఉంటుంది.

---

టవర్‌క్లాక్ అనంత | అనంతపురం | గురువారం ఉదయం 11:41

తెరిచి ఉంటే నంబర్ 32 వస్తుంది అన్నా, ఇంకొకరు వాడుతున్నారు అని. 5 రాదు. తమ్ముడూ, ఆ ఫైలు ప్రాపర్టీస్‌లో కింద "రీడ్ ఓన్లీ" టిక్ ఉందా?

---

ఆదోని పత్తి | ఆదోని | గురువారం ఉదయం 11:49

ఉంది!! స్లిప్పులన్నిటికీ ఉంది. రెండు వైపులా. నేను పెట్టలేదు.

---

తుంగభద్ర గట్టు | కర్నూలు (ఉండేది బెంగళూరు) | గురువారం మధ్యాహ్నం 1:15

తూకం సాఫ్ట్‌వేర్ పెట్టి ఉంటుంది, స్లిప్పు ఎవరూ దిద్దకూడదని. తను మళ్లీ రాయాల్సి వచ్చినప్పుడు టిక్ తీసి, రాసి, మళ్లీ పెడుతుంది. ఫైల్.కాపీ ఏం చేస్తుందంటే ఫైలుతో పాటు ఆ రీడ్ ఓన్లీ గుర్తుని కూడా మోసుకుపోతుంది. మొదటిసారి ఆఫీస్‌లో ఫైలు లేదు కాబట్టి అడ్డులేదు. రెండోసారి అక్కడున్నది రీడ్ ఓన్లీ ఫైలు, దాని మీద రాయడం కుదరదు, ఓవర్‌రైట్ ట్రూ ఇచ్చినా సరే. డాట్‌నెట్ దీనికీ అన్‌ఆథరైజ్డ్ యాక్సెస్ అనే ఎక్సెప్షనే ఇస్తుంది, పర్మిషన్ లేకపోయినా అదే ఇస్తుంది. యూజర్‌కి ప్రపంచంలోని హక్కులన్నీ ఇచ్చినా ఇది పోదు.

కాపీకి ముందు అవతలి ఫైలు ఉందా చూసి, ఉంటే ఫైల్.సెట్ ఆట్రిబ్యూట్స్‌తో నార్మల్ చెయ్యి, తర్వాత కాపీ చెయ్యి. కాటా వైపు అసలు ఫైలుని ముట్టుకోకు, దాని టిక్ దానికి ఉండనీ.

ఇంకోటి, తూకం సాఫ్ట్‌వేర్ ఇంకా రాస్తుండగానే నీ ప్రోగ్రాం ఎత్తుకుపోతే సగం పీడీఎఫ్ పోతుంది. చివరిసారి మారిన టైం నుంచి ఒక నిమిషం అయిన ఫైళ్లనే తీసుకో.

---

పెన్నా నీళ్లు | తాడిపత్రి | గురువారం మధ్యాహ్నం 2:02

పైథాన్‌లోనూ ఇట్లాంటి మోసం ఉంది. విండోస్‌లో కాపీఫైల్‌కి గమ్యంగా ఫైలు పేరు ఇవ్వకుండా ఫోల్డర్ పేరు ఇస్తే పర్మిషన్ ఎర్రర్ 13 అంటుంది. నేను రెండు గంటలు పర్మిషన్లు దిద్దుతూ కూర్చున్నా, తీరా చూస్తే పాత్ చివర ఫైలు పేరు మర్చిపోయినా.

ఇదే పని లైనక్స్ సర్వర్‌కి అయితే ఎట్ల చేయాలి? మా ల్యాబ్‌లో ఉబుంటులో సాంబా (లైనక్స్ ఫోల్డర్‌ని విండోస్ వాళ్లకి షేర్ చేసేది) షేర్ ఉంది, నేను పెట్టిన ఫైళ్లు నా బ్యాచ్‌మేట్ మార్చలేకపోతున్నాడు. 777 (అందరికీ అన్ని హక్కులూ) ఇస్తే అయిపోతుందంటున్నారు.

---

కడప రాయి | కడప | గురువారం రాత్రి 8:17

777 మాట ఎత్తొద్దు. అది చౌరస్తా అన్న పీకేసిన గేటుకి లైనక్స్ తమ్ముడు.

ఇద్దరికీ కలిపి ఒక గ్రూపు చెయ్యి, ఫోల్డర్‌ని ఆ గ్రూపుకి రాసి 2770 ఇవ్వు. ముందున్న ఆ 2 వల్ల లోపల పుట్టే ప్రతి ఫైలూ అదే గ్రూపు కింద పుడుతుంది. సాంబా కాన్ఫిగ్‌లో ఆ షేర్ కింద క్రియేట్ మాస్క్ 0660, డైరెక్టరీ మాస్క్ 2770 పెట్టు, లేకపోతే గ్రూపుకి రాసే హక్కు లేకుండా ఫైళ్లు పుడతాయి, నీకు జరుగుతున్నది అదే. సాంబాకి పాస్‌వర్డ్ వేరు, లైనక్స్ లాగిన్ పాస్‌వర్డ్ పని చేయదు, ఎస్‌ఎంబీ పాస్‌వర్డ్ కమాండ్‌తో ప్రతి యూజర్‌నీ విడిగా చేర్చాలి. కొత్తవాళ్లందరూ తల కొట్టుకునేది అక్కడే. మిగతాది వేరే టాపిక్ తెరువు, ఇక్కడ కాటా సంగతి పోతుంది.

---

ఆదోని పత్తి | ఆదోని | గురువారం రాత్రి 9:55

అయిపోయింది. నికర బరువులన్నీ ఆఫీస్‌కి వచ్చాయి. మొత్తం కోడ్ చూసుకుంటే నేను చివరికి మార్చింది మూడు లైన్లు, మిగతాదంతా కోడ్ బయటే ఉంది. పెన్‌డ్రైవ్‌ని ఓనరు టేబుల్ మీద పెట్టి వచ్చినా.

గట్టు అన్నకీ, టవర్‌క్లాక్ అక్కకీ దండాలు. అక్కా, మీరు చెప్పినట్టు ఫైర్‌వాల్ ఆన్ చేసినా.

---

బళ్లారి చౌరస్తా | కర్నూలు | శుక్రవారం ఉదయం 7:40

నేను ఆ రెండు షాపులకి పోయి డబ్బులు వెనక్కి ఇవ్వాలా, ఊరుకోవాలా అని ఆలోచిస్తున్నా.

---

ఆదోని పత్తి | ఆదోని | ఆరు వారాల తర్వాత, బుధవారం ఉదయం 10:26

మళ్లీ ఆగింది. ఏమీ ముట్టుకోలేదు, నిన్నటి దాకా బాగానే పోయాయి. లాగ్‌లో కొత్త నంబర్, 1330.

---

టవర్‌క్లాక్ అనంత | అనంతపురం | బుధవారం ఉదయం 10:34

కాటా యూజర్‌ని చేసి ఎన్ని రోజులైంది?

---

ఆదోని పత్తి | ఆదోని | బుధవారం ఉదయం 10:41

...42.

కాటా రూములో టిక్ పెట్టినా అక్కా. ఆఫీస్ సిస్టంలో మర్చిపోయినా. పోతున్నా, ఇప్పుడే పెట్టి వస్తా, గట్టు అన్నకి చెప్పొద్దు.

---

తుంగభద్ర గట్టు | కర్నూలు (ఉండేది బెంగళూరు) | బుధవారం ఉదయం 10:43

చూసినా.